ఖర్కాయి దాటితే ఫుట్‌బాల్

గమ్హరియాలో ఫ్యాక్టరీ షిఫ్టు దిగి జంషెడ్‌పూర్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వెళ్లాలంటే టికెట్ కన్నా బండితోనే తంటా. కీనన్ స్టేడియానికి 2006లో ఇంగ్లండ్‌తో ఆడిన వన్డే తర్వాత అంతర్జాతీయ క్రికెట్ రాలేదు. ఊరికి మళ్లీ పెద్ద ఆట తెచ్చింది 2017లో ఇండియన్ సూపర్ లీగ్‌లో అడుగుపెట్టిన జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ. వేదిక జేఆర్‌డీ టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్.

బండి ఇంటి దగ్గరే వదిలేయండి. టాటా-కాండ్రా రోడ్డు మీద షేర్ ఆటో ఎక్కితే ఆదిత్యపూర్ మీదుగా ఖర్కాయి వంతెన దాటి బిష్టుపూర్ చేరొచ్చు. తర్వాత నడకే. రైలు చౌకే గానీ టాటానగర్ స్టేషన్‌లో దిగాక మళ్లీ ఆటో తప్పదు. బండి తేక తప్పదంటే, కదమాలో తెలుగు కుటుంబాలు బోలెడు. చుట్టాలెవరైనా ఉంటే వాళ్ల వాకిట్లో పెట్టండి. కాఫీ కూడా దొరుకుతుంది.

టికెట్ దగ్గర మాత్రం మరీ పిసినారితనం వద్దు. మైదానం చుట్టూ పరుగుల ట్రాక్ ఉండటంతో గోల్ వెనక సీట్ల నుంచి ఆట దూరంగా కనిపిస్తుంది.

అసలు చిక్కు తిరుగు ప్రయాణం. ఏడున్నరకు మొదలైన మ్యాచ్ తొమ్మిదిన్నరకు గానీ ముగియదు. అప్పటికి షేర్ ఆటోలు పల్చబడతాయి, మిగిలినవాళ్లు రిజర్వు అంటారు. నలుగురుంటే ఆ బేరం నాలుగు వాటాలవుతుంది. ఒంటరిగా వెళితే చివరి పది నిమిషాలు వదులుకోవాల్సిందే, గోల్ అప్పుడే పడినా సరే.