లైన్లో కరకర

2001 వానాకాలం. తెనాలిలో మా ఇంట్లో విండోస్ 98 కంప్యూటర్‌కి 56కె మోడెమ్ పెట్టించాం. న్యూజెర్సీలో ఉన్న అక్కకి ఐఎస్‌డీ చేస్తే బిల్లు చూసి నాన్నకి నిద్ర పట్టేది కాదు. ఈమెయిల్‌కయితే లోకల్ కాల్ ఖర్చే.

మొదట అసలు డయలే కాలేదు. రిసీవర్ ఎత్తితే టోన్ చక్కగా వినపడేది, కంప్యూటర్ మాత్రం డయల్ టోన్ లేదంటూ 680 నంబరు ఎర్రర్ చూపించేది. కారణం మోడెమ్ అమ్మిన కుర్రాడు చెప్పాడు. అమెరికాలో డయల్ టోన్ 350, 440 హెర్ట్జ్ కలిసిన ధ్వని. మనది 400 హెర్ట్జ్, దానిమీద 25 హెర్ట్జ్ ఊగుడు. అమెరికా టోన్‌కి అలవాటైన మోడెమ్ మన టోన్‌ని గుర్తుపట్టదు. ఎక్స్‌ట్రా సెట్టింగ్స్‌లో ‘ఏటీఎక్స్3’ కొట్టించాడు. టోన్ కోసం ఆగకుండా డయల్ చెయ్యమని దానర్థం. వెంటనే నంబరు తిరిగింది.

ఆ తర్వాత వచ్చే కీచు, బుస నాకు ప్రాణం. మా మోడెమూ, అవతలి మోడెమూ లైను ఎంత శుభ్రంగా ఉందో కొలుచుకుని, వేగం కోసం చేసుకునే బేరం అది. ఎండరోజున త్వరగా తెగేది. వాన పడితే సాగి సాగి 14,400 దగ్గర ఆగేది. అక్క పంపిన పాప ఫొటో సగం దిగేసరికి లైను తెగిపోయేది. కాల్ వెయిటింగ్ తీయించాం, హాల్లోని రెండో ఫోన్ పీకేశాం, గోడకున్న రోజెట్‌లో స్క్రూలు బిగించాం. లాభం లేదు.

చివరికి లైన్‌మ్యాన్ వచ్చాడు. కంప్యూటర్ వైపు చూడనేలేదు. టెస్ట్ ఫోన్ తగిలించి, ఏదో ఒక అంకె నొక్కాడు, టోన్ ఆగగానే కళ్లు మూసుకుని విన్నాడు. ‘‘కరకరమంటోంది బాబూ. మాటలకైతే సరిపోద్ది, మీ మిషనుకి చాలదు’’ అన్నాడు. నిజమే. మాటలో ఒక ముక్క పోయినా మన చెవి పూరించుకుంటుంది, మోడెమ్‌కి ఆ వీలు లేదు. తప్పులు పెరిగేకొద్దీ వేగం తగ్గించుకుంటుంది, లేదా తెంచేస్తుంది.

చూరు కింద వైరు జాయింటు విప్పితే రాగి పచ్చగా చిలుమెక్కి ఉంది. పాడైన ముక్క కోసేసి, తీగ మెరిసేదాకా గీకి, మెలిపెట్టి టేపు చుట్టాడు. నీళ్లు జాయింటులోకి పోకుండా కిందకి కారిపోయేలా వైరుని కాస్త వేలాడదీశాడు. ఆ సాయంత్రం వాన పడుతుండగానే తెరమీద 45,333 కనిపించింది. పాప ఫొటో పూర్తిగా దిగింది. నాన్న దాన్ని ఎంతసేపు చూశారో!

మన ఊళ్లకి ఇంటర్నెట్ వచ్చిన కథ రాసేవాళ్లకి నాదొక విన్నపం. నిచ్చెన భుజాన వేసుకుని వానలో తిరిగిన లైన్‌మ్యాన్లను అందులో వదిలిపెట్టకండి.