ముగ్గురు కృష్ణులు... ఒక్క దుర్యోధనుడు!

'దానవీరశూరకర్ణ' (1977)లో ఎన్టీఆర్ ఒక్కరే కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడుగా కనిపించారు. ఆయన్ని 1985 నుంచి వరసగా మూడుసార్లు అసెంబ్లీకి పంపిన హిందూపురం చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం ఈ లెక్క తలకిందులు! అక్కడ నేను చూసిన 'కురుక్షేత్రం' నాటకంలో ఒక్క కృష్ణుడి వేషానికి ముగ్గురు నటులు. పడకసీనుకు ఒకాయన, రాయబారానికి ఇంకొకాయన, గీతోపదేశానికి మూడో ఆయన. సీను మారితే కృష్ణుడి గొంతు మారుతుంది, ఎత్తు మారుతుంది, పొట్టా మారుతుంది. జనం ఏమీ అనుకోరు. "ఈ కిష్టుడు రాగం బాగా తీస్తాడు, చూడు సార్" అన్నాడు నా పక్కన దుప్పటి కప్పుకొని కూచున్న పెద్దాయన.

రాగమే అక్కడ హీరో లెండి! తిరుపతి వేంకటకవుల పద్యం ఎత్తుకున్నాక నటుడు దాన్ని ఎక్కడిదాకా లాగుతాడో అని హార్మోనియం ఆయన కళ్ళార్పకుండా చూస్తుంటాడు. రీటేకు లేదు, డబ్బింగు లేదు. గొంతు జీరపోతే అంతే సంగతులు. నచ్చితే మాత్రం "వన్స్ మోర్!" ఆ రాత్రి అభిమన్యుడు నేల కూలాక కూడా ఈలలు ఆగలేదు. పాపం, లేచి, దుమ్ము దులుపుకొని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయాడు. నవ్వొచ్చింది గానీ, రెండోసారే బాగా చచ్చిపోయాడు సుమండీ!

హిందూపురంలో రైలెక్కితే ధర్మవరానికి ముందే పెనుకొండ వస్తుంది. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికే మార్చారు. ఆ పతనం మీదే కోలాచలం శ్రీనివాసరావు 'రామరాజు చరిత్ర' నాటకం రాశారు. అందులో పఠాను వేషంతో పేరు తెచ్చుకున్నాడు బళ్ళారి రాఘవ. గగన్ మహల్ మెట్ల మీద కూచుంటే ఆ పఠాను ఏ గొంతుతో అరిచేవాడో వినాలనిపించింది. ఎలా వింటాం? రంగస్థలం మీది గొంతు ఆ రాత్రితోనే సరి. రాఘవ సినిమాల్లోకీ వచ్చాడు. 1936లో 'ద్రౌపదీ మానసంరక్షణం'లో దుర్యోధనుడు ఆయనే. పోటీగా వచ్చిన 'ద్రౌపదీ వస్త్రాపహరణం' ముందు ఆ సినిమా నిలవలేదు. స్టేజీని వణికించిన మనిషికి కెమెరా అచ్చిరాలేదన్నమాట!

ఆ రాఘవ మేనమామే ధర్మవరం రామకృష్ణమాచార్యులు. పుట్టింది ధర్మవరంలో, 1853లో. బళ్ళారిలో వకీలు. 1887లో అక్కడే 'చిత్రనళీయం' ఆడించి, తెలుగు నాటకానికి పాటలూ పద్యాలూ అలవాటు చేసిన ఆంధ్ర నాటక పితామహుడు. ధర్మవరం అంటే పట్టుచీరలే గుర్తొస్తాయి మనకి. ఈయన గుర్తురారేం?

ఆ ఊళ్ళోనే ఒక మగ్గం ఇంట్లో నాకు ఒక దుర్యోధనుడు దొరికాడు. వయసు అరవై దాటింది. పగలు గుంటలో కాళ్ళు పెట్టి పట్టుచీర నేస్తాడు, పిలుపొస్తే రాత్రి కిరీటం పెడతాడు. పద్యాలన్నీ మగ్గం చప్పుడు మీదే నేర్చాడట. "కాలు తొక్కితే తాళం దానంతటదే పడుతుంది సార్" అని ఒక పద్యం ఎత్తుకున్నాడు. ఆ చిన్న గది చాల్లేదు! చివర్లో గొంతు తెగింది. దగ్గి, నీళ్ళు తాగి, మళ్ళీ అక్కడినుంచే అందుకున్నాడు. నన్ను మెప్పించాలని కాదు, ఆ పద్యం అలా సగంలో వదలబుద్ధికాక.

"మీ తర్వాత ఎవరు?" అన్నాను.

కొడుకువైపు చూశాడు. అబ్బాయి చేతిలో సెల్‌ఫోను. "నేర్చుకోరా అంటే, 'అన్నీ రికార్డు చేసిపెట్టినా గదా నాయనా' అంటాడు. రికార్డుకు కిరీటం పెడతారా సార్ ఎవురన్నా?"

అబ్బాయి నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. శివరాత్రికి పక్క ఊళ్ళో నాటకం ఉందట, కర్ణుడు ఇంకా కుదరలేదట. "మీకు ఎవరన్నా తెలుసునా సార్?" అని నన్నే అడిగాడు.