వానకాలువ ఎక్కడ ఆగిపోయింది?

పేట కబుర్లు – 23



1993లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ మురుగునీటి పారుదల మీద ఒక మాన్యువల్ తెచ్చింది. మన ఇంజినీర్లు చాలాకాలం దాన్నే ప్రమాణంగా పెట్టుకున్నారు. ఏ ప్రాంతంలో వానకాలువను ఎంత వానకు సరిపడేలా కట్టాలో అందులో నాలుగు ముక్కల్లో రాశారు. వ్యాపార ప్రాంతాలకు, ఖరీదైన ప్రాంతాలకు అయితే రెండేళ్లకోసారి వచ్చేంత పెద్ద వానకు. ఊరి నడుమ కాస్త ధర పలికే ఇళ్ల ప్రాంతాలకు ఏడాదికోసారి వచ్చే వానకు. ఊరి అంచు ఇళ్లకు ఏడాదికి రెండుసార్లు వచ్చే వానకు.

అంటే అంచు ఇళ్ల ముందు కాలువ ఏడాదికి రెండుసార్లు పొంగినా, ఆ లెక్క ప్రకారం అది సరిగ్గా పనిచేస్తున్నట్టే.

అందులో కులం మాట లేదు. నేల ధర మాట ఉంది. ఊరి అంచున, పల్లంలో ఎవరుంటారో మనకి ఒకరు చెప్పక్కర్లేదు కదా. తర్వాత 2010లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పట్టణ వరదల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, అయిదేళ్లకోసారి వచ్చే వానకు కాలువలు కట్టమంది. 2019లో వానకాలువలకంటూ విడిగా కొత్త మాన్యువలే వచ్చింది. మా పేట కల్వర్టు మాత్రం వీటన్నిటికంటే పాతది.

ఇప్పుడు మా ఊళ్లో కాలువల అభివృద్ధి పని నడుస్తోంది. పైనున్న కాలనీలో వెడల్పయిన బాక్స్ డ్రెయిన్ వేస్తున్నారు. మంచిదే. వాళ్ల ఇళ్లలోకి నీళ్లొస్తే నేనేమీ సంతోషపడను. కానీ ఆ డ్రెయిన్ మా పేటకు పైనున్న కల్వర్టు దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణించి కిందికి అదే పాత ఇరుకు కాలువ.

ఇక్కడ నీటి లెక్క ఒకటి చూడాలి. ఎకరం నేల మీద గంటలో 20 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 80 వేల లీటర్లు. మట్టి నేలయితే కొంత తాగుతుంది. డాబాలు, సిమెంటు రోడ్లు ఏమీ తాగవు, వచ్చింది వచ్చినట్టు కిందికి వదిలేస్తాయి. ఇదివరకు ఆ కాలనీ వీధుల్లో కాసేపు నిలిచి మెల్లగా దిగే నీళ్లు, ఇప్పుడు నున్నటి కాంక్రీటు డ్రెయిన్‌లో ఒక్కసారే కల్వర్టు మీదికొస్తాయి. ఆ తూము పట్టదు. పట్టనిదంతా మా వీధుల్లోకి. అందుకే కాలువను పెద్దది చేసేటప్పుడు నీళ్లు చివరికి ఎక్కడ కలుస్తాయో అక్కణ్ణించి పని మొదలుపెట్టి పైకి రావాలి. ఇదేం నేను కనిపెట్టిన సంగతి కాదు. ఏ ఇంజినీరునడిగినా చెబుతాడు.

వార్డు సభలో ఇంజినీరు గారినే అడిగాం. “మీరన్నది కరెక్టేనండి. ఫండ్స్ పైదానికే శాంక్షన్ అయ్యాయి. రెండో విడతలో మీవైపు చేస్తాం” అన్నాడు. మా మేనత్త లేచి, “బాబూ, అందాకా వాన కూడా రెండో విడతకి ఆగుద్దా?” అంది. సభంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. మినిట్స్‌లో ఆ ప్రశ్న ఎక్కలేదు.

మా అత్త ఇంటి సంగతి చెప్పాలి. ఆ ఇంటికి మూడు మెట్లుండేవి. సిమెంటు రోడ్డు పాడైన ప్రతిసారీ పాతది తవ్వకుండా దానిమీదే కొత్తది పోశారు. ఇప్పుడు రోడ్డే గడప కంటే ఎత్తు. వీధిలోంచి ఇంట్లోకి దిగాలి. శిలాఫలకం మీద మాత్రం అదీ అభివృద్ధే. వానొచ్చిందంటే ముందు బియ్యం డబ్బా మంచమెక్కుతుంది, తర్వాత పిల్లల పుస్తకాలు.

ఇంకోటి. పేరుకి అది వానకాలువ. పైనుంచి ఎన్ని మరుగుదొడ్ల పైపులు అందులో కలుస్తున్నాయో వాసనే చెబుతుంది. ఏటా వానలకి ముందు పూడిక తీయడానికి దిగేది మా పేట కుర్రాళ్లే, కాంట్రాక్టరు రోజు కూలికి. 2013 చట్టం ఏడో సెక్షను సెవర్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో ప్రమాదకరంగా మనిషిని దించకూడదంటుంది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు సెవర్ చావులకు పరిహారం 30 లక్షలకు పెంచింది. కానీ కాగితం మీద దీని పేరు వానకాలువ కదా! ఆ పేరు చూపించే కాంట్రాక్టరు గ్లవ్స్ కూడా ఇవ్వడు. మలం కలిసే కాలువను ఏ పేరుతో పిలిచినా దిగేవాడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే గాలి మారదు.

సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. మీ ఊళ్లో ఇలాంటి పని జరుగుతుంటే మీరూ పెట్టండి. “కాలువ ఎప్పుడు బాగుచేస్తారు” అనడిగితే “త్వరలో” అని వస్తుంది. డీపీఆర్ కాపీ అడగండి. గంటకు ఎన్ని మిల్లీమీటర్ల వానకు, ఎన్నేళ్లకోసారి వచ్చే వానకు డిజైన్ చేశారో అడగండి. పైకాలనీకి ఒక అంకె, పేటకి ఇంకో అంకె ఉంటే రెండూ పక్కపక్కన పెట్టండి. కాలువ అడుగు మట్టాలు మొదటినుంచి చివరిదాకా చూపించే లాంగిట్యూడినల్ సెక్షన్ డ్రాయింగు అడగండి, కల్వర్టు తూము కొలతలతో సహా. పూడిక తీత కాంట్రాక్టులో యంత్రాలకు, రక్షణ సామగ్రికి ఎంత రాశారో అడగండి. సివిల్ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ డ్రాయింగు వచ్చాక దాన్ని చదివిపెట్టడానికి మీరు కావాలి.

చట్టం 30 రోజుల గడువిచ్చింది. దరఖాస్తు పెట్టి ఇవాళ్టికి పదకొండో రోజు. పైనుంచి డ్రెయిన్ పని నిన్న కల్వర్టు దాకా పూర్తయింది.