కొండమీద ఒకటి... వాగు ఒడ్డున ఒకటి!

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తుంటే మన్ననూరు దాటగానే రోడ్డుకు రెండువైపులా నల్లమల అడవే. కృష్ణానదికి తెలంగాణ వైపున అమ్రాబాద్, ఆంధ్రప్రదేశ్ వైపున నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాలున్నాయి. ఇక్కడికొచ్చే వాళ్లందరి చూపూ పులి కోసమే. పొద్దుగూకాక ఇదే అడవిలో మరో రెండు వేటగాళ్లు నిద్రలేస్తాయి. రెండూ గుడ్లగూబలే. రెండింటికీ నెత్తిన కొమ్ముల్లాంటి ఈకలుంటాయి, రెండూ రెండడుగుల దాకా పెరుగుతాయి. వేటాడే తీరు మాత్రం పూర్తిగా వేరు!

చప్పుడు చేయనిది...

రాక్ ఈగిల్ ఔల్‌కు రాళ్ల గుట్టలూ, వాటి పక్కన పొలాలూ ఉంటే చాలు. నారింజరంగు కళ్లు, వేళ్ల దాకా ఈకలు కప్పిన కాళ్లు. గుట్టమీద కూర్చుని కింద ఎలుక కదిలిన అలికిడిని పసిగడుతుంది. రెక్కల ఈకల అంచున దువ్వెన పళ్లలాంటి మెత్తని కుచ్చు ఉంటుంది. అది గాలిని చీల్చే చప్పుడును అణచేస్తుంది. అందుకే మీద పడేదాకా ఎలుకకు సంగతే తెలీదు. పందికొక్కులు, కుందేళ్లు, కౌజుపిట్టలు కూడా దీనికి ఆహారమే. మింగిన ఎముకల్నీ బొచ్చునీ తర్వాత ఉండలా బయటికి కక్కేస్తుంది.

చప్పుడైనా ఫర్వాలేనిది...

బ్రౌన్ ఫిష్ ఔల్ వాగుల దగ్గరే ఉంటుంది. పసుపురంగు కళ్లు. దీని రెక్కలకు ఆ మెత్తని కుచ్చు ఉండదు, ఎగిరితే చప్పుడు వినిపిస్తుంది. నీళ్లలోని చేపకు ఆ చప్పుడుతో పనేముంది? దీని వేట ఎక్కువగా కంటిచూపుతోనే. నీళ్లమీదికి వంగిన కొమ్మమీంచి జారుతూ వచ్చి, పైకి తేలిన చేపను తన్నుకుపోతుంది. కాళ్లకు ఈకలుండవు కాబట్టి తడిసి బరువెక్కే బాధ లేదు. పాదాల అడుగున ముళ్లలాంటి పొలుసులుంటాయి, ఎంత జారుడు చేపైనా పట్టు తప్పదు. కప్పలు, పీతల్ని కూడా తింటుంది.

ఆ కొమ్ములే శాపం!

నెత్తిన కనిపించేవి కొమ్ములూ కావు, చెవులూ కావు. ఉత్త ఈకలు. అయినా అలాంటి పెద్ద గుడ్లగూబలకే క్షుద్రపూజల వాళ్లలో గిరాకీ ఎక్కువని, 2010లో ట్రాఫిక్ ఇండియా విడుదల చేసిన నివేదిక తేల్చింది. దీపావళి వస్తోందంటే వీటికి గండమే. ఇంటిమీద వాలితే అరిష్టమని రాళ్లు రువ్వేవాళ్లూ ఉన్నారు. గుడ్లగూబల్ని పట్టడం, చంపడం, అమ్మడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

రాక్ ఈగిల్ ఔల్ గూడు కట్టుకోదు, రాతి అంచున నేలమీదే గుడ్లు పెడుతుంది. గుట్టను క్వారీగా మారిస్తే దాని ఇల్లు పోయినట్టే. వాగు ఎండినా, ఒడ్డున పెద్ద చెట్లు కొట్టేసినా రెండోదానికి కూడు ఉండదు. ఒకదాని చోట రెండోది బతకలేదు. కాబట్టి గుట్టా ఉండాలి, వాగూ ఉండాలి. చేలో ఎలుకలు పెరిగాక గుడ్లగూబను తలచుకుంటే ఏం లాభం?