ఒకే తెర, వేరు కుంపట్లు

సముద్రంలో నిలబెట్టబోయే చమురు ప్లాట్‌ఫాం కంట్రోల్ ప్యానెళ్లను తీరానికి ఇంత దూరాన, బెంగళూరు శివారు షెడ్డులో పరీక్షిస్తున్నారని తెలిసి చూడబోయాను. కంపెనీ పేరూ, ప్లాట్‌ఫాం పేరూ రాయకూడదన్న షరతు మీద లోపలికి రానిచ్చారు.

మనిషికన్నా ఎత్తున్న బూడిదరంగు క్యాబినెట్లు రెండు వరసలు. తలుపు తీస్తే వందల వైర్లు, ప్రతి వైరు కొసకీ నంబరు వేసిన చిన్న తొడుగు. నన్ను తిప్పి చూపించిన ఇంజనీరు అమలాపురం దగ్గరి అమ్మాయి. కాకినాడలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివింది. "మూడు సిస్టమ్‌లండీ. ఒకటి రోజూ నడిపేది. ఒకటి ఆపేది. ఇంకోటి మంటనీ గ్యాస్‌నీ పసిగట్టేది" అంది.

నడిపేది డీసీఎస్ (డిస్ట్రిబ్యూటెడ్ కంట్రోల్ సిస్టమ్). బావుల నుంచి కలిసి వచ్చే చమురు, గ్యాస్, నీళ్లు సెపరేటర్‌లో విడిపోతుంటే మట్టం, ఒత్తిడి అదుపు తప్పకుండా వాల్వులను కొద్దికొద్దిగా సర్దుతూ ఉంటుంది. హద్దు దాటిందంటే ఆపేది, అంటే ఈఎస్‌డీ (ఎమర్జెన్సీ షట్‌డౌన్), రంగంలోకి దిగి వాల్వులు మూసేస్తుంది. మూడోది ఫైర్ అండ్ గ్యాస్. ఆపరేటరు ముందున్న తెర మీద మూడూ ఒకేచోట, ఒకే తీరులో కనిపిస్తాయి. కింద మాత్రం ఎవరి కంట్రోలర్ వారిది, ఎవరి వైరింగ్ వారిది. ఒకే ఇంట్లో వేరు కుంపట్లు పెట్టుకున్న అన్నదమ్ముల వ్యవహారం.

ఒకే సెపరేటర్ మీద ప్రెషర్ ట్రాన్స్‌మిటర్లు డీసీఎస్‌కి వేరు, ఈఎస్‌డీకి వేరు ఎందుకని అడిగాను. డీసీఎస్ నమ్ముకున్న ట్రాన్స్‌మిటరే తప్పు చూపిస్తే ఒత్తిడి పెరగడానికి అదే కారణం కావచ్చు. ఈఎస్‌డీ కూడా దాన్నే నమ్ముకుంటే ఇద్దరూ ఒకేసారి మోసపోతారు. అందుకే ఐఈసీ 61511 ప్రమాణం ఈ రెండింటి మధ్య స్వతంత్రత గురించి అంత పట్టింపుగా ఉంటుంది.

బల్ల మీద ఏ3 కాగితాల కట్ట. అది కాజ్ అండ్ ఎఫెక్ట్ చార్టు. అడ్డ వరసల్లో కారణాలు, నిలువు వరసల్లో ఫలితాలు. ఏ కారణానికి ఏ వాల్వు మూసుకోవాలో, ఏ పంపు ఆగాలో ఆ గడిలో ఇంటూ మార్కు. ఒక్కో మార్కూ పరీక్షించి హైలైటర్‌తో గీస్తున్నారు. ఆ అమ్మాయి సెపరేటర్ ఒత్తిడి తాలూకు మూడు ఇన్‌పుట్‌లకీ కాలిబ్రేటర్లు తగిలించింది. సిగ్నల్ 4 నుంచి 20 మిల్లీఆంపియర్లు. సున్నా ఒత్తిడికి కూడా 4 వస్తుంది కాబట్టి, ఒక వైరు పీకేయగానే ఒత్తిడి పడిపోయిందని పొరబడకుండా సిస్టమ్ ఫాల్ట్ అని చెప్పింది. వైరు మళ్లీ పెట్టి ఒక కాలిబ్రేటర్‌ను హద్దు దాటించింది. అలారం మోగిందే కానీ ట్రిప్ లేదు. రెండోదీ దాటించగానే లోపల రిలేలు టక్కుమన్నాయి, ప్యానెల్ మీద దీపాలు ఆరాయి. మూడింట రెండు ఒప్పుకుంటేనే షట్‌డౌన్.

దీపం ఆరడమంటే వాల్వు మూసుకోవడం. 24 వోల్టుల కరెంటు ఉన్నంతసేపే వాల్వు తెరుచుకుని ఉంటుంది. పోతే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. మంటల మీద నీళ్లు చిమ్మే డెల్యూజ్ వాల్వుకి పద్ధతి తిరగబడుతుంది. వైరు తెగినప్పుడల్లా పరికరాలన్నీ తడిసిపోకూడదు కనుక దానికి కరెంటు ఇస్తేనే తెరుచుకునేలా పెట్టి, ఆ వైరు బాగానే ఉందా లేదా అని నిరంతరం కనిపెట్టుకుని ఉంటారు.

కస్టమర్ తరఫున వచ్చిన పెద్దాయన ముంబై హైలో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. అప్పటిదాకా మాట్లాడలేదు. "అమ్మా, ఇప్పుడు రీసెట్ చెయ్యి" అన్నాడు. రీసెట్ చేసింది. తెర మీద, చమురు బయటికెళ్లే లైనులో షట్‌డౌన్ వాల్వు తెరుచుకుంది. పక్కనే ఉన్న మట్టం కంట్రోల్ వాల్వు నూటికి నూరు శాతం తెరిచి ఉంది.

ఆయన ఏం చూశాడో నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. షట్‌డౌన్ వాల్వు మూసుకున్నాక సెపరేటర్‌లో మట్టం పెరుగుతుంది. ట్రిప్ సంగతి తెలియని డీసీఎస్ దాన్ని తగ్గిద్దామని తన వాల్వును తెరుస్తూ పోయింది. ఇప్పుడు రీసెట్ కొడితే చమురు ఒక్కసారిగా దూకుతుంది, మట్టం అడుగంటితే వెనకాలే గ్యాస్ కూడా తక్కువ ఒత్తిడికి కట్టిన తర్వాతి వెసెల్‌లోకి జొరబడుతుంది. విడివిడిగా చూస్తే రెండు సిస్టమ్‌లూ పాసే. ఎవరి పని వారు సరిగ్గానే చేశారు. తప్పున్నది ఇద్దరి మధ్య. ట్రిప్ అయిందని ఈఎస్‌డీ కబురు పెట్టాలి, అది అందగానే కంట్రోలర్ మాన్యువల్‌లోకి వెళ్లి తన వాల్వు మూసుకోవాలి. అయితే ఈఎస్‌డీని కదిలించే అధికారం మాత్రం డీసీఎస్‌కి ఉండకూడదు. ఇంటిగ్రేషన్ అంటే చివరికి ఇదే: ఎవరు ఎవరికి ఏం చెప్పాలి, ఎవరి మాట ఎవరు వినకూడదు.

టీ దగ్గర ప్రమాదాల మాట వచ్చింది. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ మంటల గురించి ఆ ఇంజనీరు వాళ్లమ్మ ఇప్పటికీ చెబుతుందట. "అది డ్రిల్లింగ్‌లో జరిగిందండీ, ఈ ప్యానెళ్లతో ఆగేది కాదు" అని తనే సవరించింది. పెద్దాయన 2005 జూలై 27 గురించి చెప్పాడు. ఆ రోజు ముంబై హై నార్త్ ప్లాట్‌ఫాంకి వచ్చిన ఓడ గ్యాస్ రైజర్ పైపుని గుద్దింది. మంటల్లో 22 మంది పోయారు. తర్వాత 2008లో ఆఫ్‌షోర్ భద్రతకి కేంద్రం ప్రత్యేక నియమావళి తెచ్చింది.

ఆయన ఎక్కువసేపు మాట్లాడింది 1988 జూలై 6న ఉత్తర సముద్రంలో 167 మందిని మింగిన పైపర్ ఆల్ఫా గురించి. సేఫ్టీ వాల్వు విప్పి ఉన్న పంపును ఆ సంగతి తెలియని రాత్రి షిఫ్టు నడిపింది. ఫైర్ పంపులు ఆటోలో లేవు. నీళ్లలో ఉండే డైవర్లను పంపు లాగేస్తుందేమోనని మాన్యువల్‌లో పెట్టారు. పైపర్ తగలబడుతున్నా పక్క ప్లాట్‌ఫాంలు తమ ఉత్పత్తిని వెంటనే ఆపలేదు. "మిషను చేస్తానంటుంది. మనమే చెయ్యనివ్వం" అన్నాడు.

అందుకే ఓవర్‌రైడ్ ప్యానెల్ దగ్గర ఆయన చాలాసేపు నిలబడ్డాడు. ట్రాన్స్‌మిటర్ రిపేరు చేయాలంటే దాని ట్రిప్‌ను తాత్కాలికంగా పక్కన పెట్టక తప్పదు. ముందు తాళం తిప్పితేనే అనుమతి. ఒక గుంపులో ఒక్కదాన్నే తప్పించవచ్చు. గడువు దాటితే అలారం. ఎవరు, ఎప్పుడు పెట్టారో రికార్డులో పడుతుంది.

ఇవన్నీ గోదావరి జిల్లాలకు దూరపు సంగతులు కావు. రవ్వ క్షేత్రం చమురు ఎస్.యానానికి, కేజీ డీ6 గ్యాస్ గాడిమొగకి వస్తాయి. ఓఎన్‌జీసీ టెర్మినల్ ఓడలరేవులో ఉంది. డీ6లో కొన్ని బావుల తలలు రెండు వేల మీటర్ల లోతున ఉన్నాయి. అక్కడి వాల్వును చేత్తో తిప్పడానికి మనిషి వెళ్లలేడు. లాజిక్ చెప్పిందే వేదం.

సాయంత్రం పేచీ వచ్చింది. ఆ ఒక్క లూపు సరిచేసి ప్యానెళ్లు పంపేస్తామని ప్రాజెక్ట్ మేనేజరు అన్నాడు. లారీ బుక్ అయిందట. షట్‌డౌన్ వాల్వూ కంట్రోల్ వాల్వూ ఒకే లైనులో ఉన్న ప్రతిచోటా మళ్లీ పరీక్షించాలన్నాడు పెద్దాయన. పంచ్ లిస్టులో, అంటే సరిచేయాల్సిన లోపాల పట్టికలో, దాన్ని 'ఏ' కేటగిరీగా రాయించాడు. అది తీరేదాకా సరుకు కదలదు. ఈ పట్టు నాకు సబబనిపించింది. ఈ తప్పు రోజూ నడిచేటప్పుడు కనబడదు. ట్రిప్ అయ్యాక, ఆగిన ఉత్పత్తి త్వరగా మొదలెట్టమని పైనుంచి ఫోన్లు వస్తుండగా, రీసెట్ కొట్టినప్పుడే బయటపడుతుంది.