ఎద్దుకి చెప్పని ఆట

మొన్న సాఫ్ట్ స్కిల్స్ క్లాసులో ఇంటర్వ్యూల గురించి చెప్తూ ట్రైనర్ గారు "దిస్ ఈజ్ యువర్ మూమెంట్ ఆఫ్ ట్రూత్" అన్నారు. ఆ మాట ఎక్కడిదా అని వెనక బెంచీలో కూర్చుని ఫోన్లో వెతికాను (క్లాసు వినట్లేదని ఒప్పుకుంటున్నా). స్పెయిన్ బుల్‌ఫైట్ నుంచి వచ్చిందట. మటాడోర్ చివర్లో ఎద్దు మీదికి వంగి కత్తి దించే క్షణాన్ని అలా అంటారు. 1932లో వచ్చిన 'డెత్ ఇన్ ది ఆఫ్టర్‌నూన్' పుస్తకంతో హెమింగ్వే దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు.

ఆ రాత్రి హాస్టల్లో ఒక బుల్‌ఫైట్ వీడియో మొత్తం చూశాను. నిజం చెప్పాలంటే మొదటి ఐదు నిమిషాలు నాకు తెగ నచ్చింది. బంగారు జరీ డ్రెస్సు, గులాబీ రంగు గుడ్డ, దాదాపు 500 కిలోల ఎద్దు ఆ మనిషి పొట్టకి జానెడు దూరంలో దూసుకుపోవడం. స్టేడియం అంతా "ఓలే" అంటుంటే నేనూ అన్నాను. రూమ్మేట్ హెడ్‌ఫోన్స్ తీసి నా వైపు చూశాడు.

తర్వాత గుర్రం మీద ఒకడు బల్లెంతో వచ్చాడు. మన ఎద్దులకి మూపురం ఉండే చోట వాటికి బలమైన మెడ కండ ఉంటుంది. అక్కడ పొడుస్తాడు. ఆ కండ దెబ్బతింటే ఎద్దు తల పైకెత్తలేదు, మటాడోర్ పని తేలికవుతుంది. ఆ తర్వాత రంగు కాగితాలు చుట్టిన ముళ్ల పుల్లలు, మూడు జతలు, అదే చోట గుచ్చుతారు. అవి ఊడవు, పరిగెత్తుతుంటే వేలాడుతూ ఉంటాయి. ఇదంతా అయ్యాకే ఆ ఫేమస్ ఎర్ర గుడ్డ వస్తుంది. ఎరుపు చూస్తే ఎద్దుకి కోపమని చిన్నప్పటి నుంచి నమ్మాం కదా, అసలు దానికి ఎరుపు సరిగా కనపడదు. గుడ్డ కదలికకే అది ఉరుకుతుంది.

నేను చూసిన వీడియోలో కత్తి మొదటిసారి ఎముకకి తగిలి ఎగిరిపోయింది. ఎద్దు నాలుక బయటపెట్టి అలాగే నిలబడింది. మూడోసారికి పడిపోయింది. కంచర గాడిదలు దాన్ని ఈడ్చుకెళ్లాయి, ఇసుక చదును చేశారు. మామూలుగా ఒక సాయంత్రానికి ఆరు ఎద్దులు. నేను ల్యాప్‌టాప్ మూసేశాను.

నిద్ర పట్టక చరిత్ర చదివాను. మొదట ఇది గుర్రాల మీద ప్రభువుల ఆట. 18వ శతాబ్దంలో రాజు ఐదో ఫెలిపేకి ఇది నచ్చక ప్రభువులు తప్పుకున్నారు, నేల మీద నిలబడే మామూలు జనం అందుకున్నారు. రోండా ఊరి పెద్రో రొమేరో ఐదువేలకి పైగా ఎద్దుల్ని చంపాడని చెప్తారు. అంతకుముందే, 1567లో, పోప్ ఐదో పయస్ దీన్ని నిషేధించాడు, నిలవలేదు. 2010లో కాటలోనియా నిషేధించింది, 2016లో రాజ్యాంగ కోర్టు కొట్టేసింది. నన్ను ఆపేసింది మాత్రం 1928. ఆ ఏడు నుంచి గుర్రాలకి మందపాటి కవచం తప్పనిసరి చేశారు. అప్పటిదాకా కొమ్ములు దిగి గుర్రాల పేగులు బయటపడేవి, చూసేవాళ్లు తట్టుకోలేకపోయారు. పక్కనే రక్తం కారుతున్న ఎద్దుని మాత్రం తట్టుకోగలిగారు.

ఇంకోటి. రింగులోకి వచ్చే ఎద్దు అంతకుముందు నేల మీద నిలబడ్డ మనిషిని ఎదుర్కొని ఉండకూడదు. ఎందుకంటే అది నేర్చుకుంటుంది. మన ఎంఎల్ ల్యాబులో మోడల్‌కి వంద ఎపోక్‌లు ఇస్తాం, దీనికి ఒకటే, సుమారు ఇరవై నిమిషాలు. గుడ్డ వెనక మనిషి ఉన్నాడని దానికి అర్థమయ్యేలోపు చంపేయాలి.

పొద్దున్నే తాతయ్యకి ఫోన్ చేశాను. మాది ఒంగోలు వైపు పల్లె. నేను ఎనిమిదో క్లాసుకి వచ్చేదాకా ఆయన బండలాగుడు పందేలకి ఎడ్ల జత తోలుకెళ్లేవాడు. చూసిందంతా చెప్పాను.

"ఎద్దు గెలిస్తే?" అన్నాడు.

"గెలిచినా చంపుతారు తాతయ్యా, ఇంకో మటాడోర్ వచ్చి. బాగా పోరాడిందని ఎప్పుడో ఒకదాన్ని వదిలేస్తారంట."

"మరి దాన్ని ఆటంటారేందిరా?"

అక్కడితో ఆపాల్సింది. కానీ నా ఫోన్లో ఇంకా ఒక ఫోటో ఉంది. మా జతకి రెండో బహుమతి వచ్చిన రోజు, రంగడి పక్కన నేను పళ్లికిలించి నిలబడ్డాను. పెద్దది చేసి చూస్తే రంగడి ఒంటి మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

"మన ముల్లుగర్రకి చివర మేకు ఉండేది కదా తాతయ్యా" అన్నాను.

"అది పొడవటం కాదురా, అదిలించటం."

కాసేపు ఏం మాట్లాడలేదు. పెట్టేశాడేమో అనుకుని స్క్రీన్ చూశాను, కాల్ నడుస్తూనే ఉంది.

"రంగడు అమ్మేదాకా ఎడం పక్క చెయ్యి వేయనిచ్చేవాడు కాదు" అన్నాడు. తర్వాత, "టిఫిన్ తిన్నావా?" అని అడిగాడు.