వేట మాంసం, హవాయి కొండ

మా ఇంట్లో 'మటన్' అనేది పిల్లల మాట. పెద్దవాళ్ళం ఇప్పటికీ 'వేట మాంసం' అనే అంటాం. బరంపురంలో ఒడియా ఇరుగుపొరుగు మధ్య తరాలు గడిచినా ఆ మాట పోలేదు. కొట్టు దగ్గర నిలబడి కిలో తెచ్చుకునేదానికి వేట అనే పేరేమిటని ఎప్పుడూ ఆలోచించలేదు కూడా. మా చిన్నాన్నగారి అమ్మాయి హవాయి పెద్ద దీవిలో, హీలో ఊళ్ళో కాపురం ఉంటోంది. ఆమెను చూడ్డానికి వెళ్ళినప్పుడే, నిజంగా వేటాడి తెచ్చిన గొర్రె మాంసం మొదటిసారి తిన్నాం.

పంపింది పక్కింటాయన. దీవి అంటే మనకి కొబ్బరిచెట్లు, ఉక్కపోతే కదా గుర్తొచ్చేది. ఆయన వేటకి వెళ్ళే మౌనా కేయా కొండ మాత్రం దాదాపు 13,800 అడుగుల ఎత్తు. పైన తెల్లవారుజామున చలికి వేళ్ళు కొంకర్లు పోతాయట. లైసెన్సు ఉండాలి, దానికి ముందు వేట పాఠాలు నేర్చుకోవాలి, ఒంటిమీద నారింజరంగు చొక్కా ఉండాలి. గొర్రె పడ్డాక అక్కడే కోసి, మాంసం వీపున మోసుకుని దిగాలి. దాన్ని అమ్మరు. ఇరుగుపొరుగుకి పంచి, మిగిలింది ఫ్రీజర్లో పెట్టుకుంటారు. ఆ దీవుల్లో తిండి చాలావరకు ఓడల మీదే రావాలి, ధరలు మండిపోతుంటాయి. అందుకని ఆ ఫ్రీజర్ వాళ్ళకి సరదా కాదు, సంసారం.

మాంసంలో కొవ్వు బొత్తిగా లేదు, ముదురు రంగు, కాస్త అడవి వాసన. మా పెద్దమ్మ పెరుగూ పసుపూ పట్టించి రాత్రంతా ఉంచింది. పెరట్లో బొప్పాయిలకు కరువు లేదు గనక, పచ్చికాయ ముక్క నూరి కలిపింది. ధనియాలు, లవంగాలు, చెక్క, గసగసాలు మన పద్ధతే. కుక్కర్ మామూలుకంటే రెట్టింపు కూతలు కూసింది. పొరుగాయన రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఆ గొర్రెలు అక్కడి పుట్టుక కాదు. 1793లో వాంకూవర్ అనే ఇంగ్లీషు కెప్టెన్ ఓడలో తెచ్చి దింపాడు. తప్పించుకున్నవి కొండెక్కి అడవిగొర్రెలయ్యాయి. 1960ల్లో ప్రభుత్వమే వేటగాళ్ళ కోసం మూఫ్లాన్ అనే వంపుకొమ్ముల జాతిని తెచ్చి అదే కొండ మీద వదిలింది. రెండూ కలిసిపోయాయి. ఆ దీవుల్లో మనిషి రాకముందు నేలమీద పాలిచ్చే జంతువు గబ్బిలం ఒక్కటే, గడ్డీ ఆకూ మేసే పాలిచ్చే జంతువేదీ లేదు. కాబట్టి అక్కడి చెట్లకి మేత నుంచి కాచుకునే అలవాటు లేకపోయింది. పచ్చటి పూల మామనే చెట్టు మొలకనీ బెరడునీ గొర్రెలు తినేస్తాయి. ఆ చెట్టు లేత గింజలే పలీలా అనే పసుపుతల పిట్టకి ఆధారం. ప్రపంచం మొత్తంలో ఆ పిట్ట ఆ ఒక్క కొండ మీదే ఉంది.

1978లో ఆ పిట్ట పేరు మీదే ప్రభుత్వంపై కోర్టులో దావా వేశారు. మరుసటేడు పిట్ట గెలిచింది, గొర్రెల్ని తీసెయ్యమన్నారు. అప్పట్నుంచి హెలికాప్టర్లలోంచి కూడా కాలుస్తున్నారు. పర్మిట్టు తీసుకున్నవాళ్ళు చెప్పిన చోటికి వెళ్ళి కళేబరాలు తెచ్చుకోవచ్చు. అందరికీ అందదు. పక్కింటాయనకి మంటంతా అక్కడే. "పిట్ట మీద నాకు పగ లేదు, తినాల్సిన మాంసాన్ని కొండమీద కుళ్ళబెడతారెందుకు?" అంటాడు. పెద్దమ్మ వెంటనే ఆయన పక్షం చేరింది.

మాతో వచ్చిన పిల్లాడు ఇంకోటి అడిగాడు. "రెండొందల ఏళ్ళుగా అక్కడే పుడుతున్నాయి కదా, ఇంకా పరాయివేనా?" ఆ ప్రశ్న మాకు గుచ్చుకుంది. మేము ఊరు వదల్లేదు, 1936లో గంజాం ఒడిశాలో కలిసింది, అంతే. అయినా తెలుగు మాట్లాడితే "మీదే ఊరు?" అని ఇప్పటికీ అడుగుతుంటారు. ఎవరు ముందొచ్చారన్న లెక్కతో చంపడం మొదలెడితే దానికి అంతుండదని మా పెద్దలు భయపడేది ఊరికే కాదు. కానీ కొండ సంగతి వేరనే మాకు అనిపించింది. గొర్రెకి బతకడానికి ప్రపంచమంతా ఉంది, పలీలాకి మరో కొండ లేదు. ఇప్పుడవి వందల్లోకి వచ్చేశాయట. మా గంజాంలోనే భేట్నోయి వైపు కృష్ణజింకలు పొలాల్లో పడి మేస్తాయి. అవుంటే వానలు పడతాయని ఊళ్ళవాళ్ళు వాటి జోలికి పోరు. అక్కడ పంట పోయినా మళ్ళీ వేసుకోవచ్చు. మామనే అడవి అలా ఒక ఏడాదిలో లేచేది కాదు.

గొర్రెలు తగ్గాల్సిందేనని ఇంట్లో చాలామందిమి ఒప్పుకున్నాం. హెలికాప్టర్ మీద మాత్రం ఇప్పటికీ రెండు పక్షాలే. మేము బయల్దేరే ముందురోజు పక్కింటాయన ఇంకో పొట్లం పట్టుకొచ్చాడు. పెద్దమ్మ చెయ్యి చాచబోయి ఆగి, "భుజాన మోసుకొచ్చిందేనా?" అని అడిగించింది. ఆయన నవ్వి, చొక్కా పక్కకి లాగి భుజం మీద తాడు ఒరుసుకున్న గుర్తు చూపించాడు.